బహుదశ స్ఫటిక నమూనాలు

బహుదశ స్ఫటిక నమూనా అనగా ఒకే పర్యాయంలో కాక, పెరుగుదల ఆగి మరల మొదలై, రెండు లేక అంతకు మించిన దశలలో ఏర్పడిన ఖనిజ స్ఫటికము లేదా అటువంటి స్ఫటికాల గుంపు. స్ఫటికాలలో అధిక భాగం ఏదో ఒక విధంగా ఆగి ఆగి పెరిగినవే. అయితే ఆ విరామాల గుర్తులు కంటికో, చేతి భూతద్దానికో స్పష్టంగా కనిపించే నమూనాలు కొద్దిగా మాత్రమే లభిస్తాయి. ఖనిజ సేకర్తలు వీటిని ప్రత్యేకంగా ఎంచి దాచుకొంటారు. భూవిజ్ఞాన శాస్త్రంలో వీటి ప్రాముఖ్యత వేరు. ఒక రాతిలో ఏ ఖనిజం ముందు వచ్చినది, ఏది తరువాత వచ్చినది, నడుమ ఉష్ణోగ్రత గాని ద్రావణం గాని ఎలా మారినది అన్న ప్రశ్నలకు ఈ నమూనాలే ప్రత్యక్ష సాక్ష్యము.

ఆంధ్రప్రదేశ్‌లో పొదిలి, చీమకుర్తి, కనిగిరి పరిసరాల శిలలు, తెలంగాణలో కొత్తగూడెం సమీపాన గల గరీబ్‌పేట గార్నెట్లు, దక్కను లావా శిలల కుహరాలలోని జియోలైట్లు ఈ విషయాన్ని అధ్యయనం చేయుటకు తెలుగువారికి అందుబాటులో గల ఉదాహరణలు.

పెరుగుదల – విరామము

స్ఫటికం చెట్టువలె లోపలినుండి పెరగదు. చుట్టూ ఉన్న ద్రవం నుండి కణాలు వచ్చి పైముఖాలపై చేరుట వలన బయటివైపుకు పెరుగుతుంది. ఈ సంగతిని 1669లో డెన్మార్కుకు చెందిన నికోలస్ స్టెనో తన గ్రంథంలో స్పష్టంగా చెప్పెను. కనుక స్ఫటికపు ప్రతి పొరా ఒకనాడు దాని ఉపరితలమే. నడిమధ్య భాగం అన్నిటికంటె పాతది, అంచు అన్నిటికంటె కొత్తది. బహుదశ నమూనాలను చదువుటకు ఈ ఒక్క సూత్రమే పునాది.

స్ఫటికం పెరగాలంటే చుట్టూ ఉన్న ద్రావణం అతిసంతృప్తమై ఉండాలి, అనగా తాను మామూలుగా కరిగించుకొనగలిగిన దానికంటె ఎక్కువ పదార్థాన్ని కలిగి ఉండాలి. ద్రావణం సంతృప్త స్థితికి దిగితే పెరుగుదల ఆగిపోతుంది. అంతకంటె పలచబడితే ఉన్న స్ఫటికమే కరగడం మొదలవుతుంది. భూమి లోపల ఈ మార్పులకు కారణాలు అనేకం. పగుళ్ళు తెరుచుకొని ఒత్తిడి ఒక్కసారిగా తగ్గవచ్చును. వేడినీరు చల్లబడవచ్చును. వేరొక రసాయన స్వభావం గల నీరు వచ్చి కలవవచ్చును. పగులు మూసుకుపోయి సరఫరా నిలిచిపోవచ్చును. కొన్ని లక్షల సంవత్సరాల తరువాత అదే పగులు మరల తెరుచుకొనవచ్చును కూడా.

పూర్తిగా నునుపైన ముఖం మీద కొత్త పొర ప్రారంభమగుట కష్టము. 1949లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ దీనికి సమాధానం చూపెను. స్ఫటికంలో మెలికవంటి లోపం ఉన్నచోట ఎన్నటికీ అంతముకాని మెట్టు ఒకటి ఏర్పడుతుంది, కణాలు ఆ మెట్టు అంచున చేరుతూ పోతాయి. ఈ విధంగా లోపమే పెరుగుదలకు ఆధారమగుచున్నది. కొన్ని స్ఫటిక ముఖాలపై కనిపించే వలయాకారపు మెట్లు ఈ ప్రక్రియ మిగిల్చిన గుర్తులే.

విరామ సమయంలో స్ఫటికం పైముఖం ఊరక ఉండదు. ద్రావణంలో తేలుతున్న బంకమట్టి, ఇనుప ఆక్సైడు, ఆకుపచ్చని క్లోరైటు వంటి సన్నని కణాలు దానిపై దుమ్మువలె పడతాయి. పెరుగుదల మరల మొదలైనపుడు కొత్త పదార్థం ఆ దుమ్మును కప్పివేస్తుంది. దుమ్ము పొర లోపల చిక్కుకొని శాశ్వతంగా నిలిచిపోతుంది.

ముఖ్య రూపాలు

సేకర్తలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది ఫాంటమ్ స్ఫటికము. పారదర్శకమైన స్ఫటికం లోపల దానికంటె చిన్నదైన మరొక స్ఫటికపు ఆకృతి నీడవలె కనిపిస్తుంది. పైన చెప్పిన దుమ్ము పొరయే ఈ నీడ. బ్రెజిల్ దేశపు మినాస్ జెరాయిస్ నుండియు, ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల నుండియు క్లోరైటు ఫాంటమ్‌లు గల క్వార్ట్జ్ స్ఫటికాలు వస్తాయి. ఒకే స్ఫటికంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన నాలుగైదు ఫాంటమ్‌లు ఉండుట కూడా కలదు. ఫ్లోరైటులో నీడకు బదులు రంగు మార్పు కనిపిస్తుంది. అమెరికాలోని ఇల్లినాయ్ గనులనుండి వచ్చిన ఫ్లోరైటు ఘనాలలో పసుపు, ఊదా పొరలు పెట్టెలో పెట్టె పెట్టినట్లుంటాయి.

రెండవది సెప్టర్, అనగా రాజదండపు ఆకృతి. మొదటి తరం క్వార్ట్జ్ సన్నని కాడవలె పెరిగి ఆగిపోగా, రెండవ తరం దాని కొనమీద మాత్రమే లావుగా పెరుగుతుంది. కాడ పాలవన్నెలోను, తల ఊదారంగులోను ఉన్న నమూనాలు చూపరులను ఆకర్షిస్తాయి. కాడ ప్రక్కముఖాలు మలినాలతో కప్పబడి కొనమాత్రం శుభ్రంగా మిగిలినచోట ఇటువంటి ఆకృతి సులభంగా వస్తుంది.

మూడవది రంగు వలయాలు గల టూర్మలీన్. అడ్డంగా కోసినపుడు లోపల గులాబీ, అంచున ఆకుపచ్చ కనిపించే రకాన్ని వ్యాపారులు పుచ్చకాయ టూర్మలీన్ అంటారు. ఇక్కడ స్ఫటిక నిర్మాణం మారలేదు, అందులో చేరిన మూలకాలు మాత్రమే మారినవి.

ఒక ఖనిజంపై వేరొక ఖనిజం కూర్చొనుట మరొక రూపం. పాత స్ఫటికం కరిగిపోయి దాని ఆకృతిలోనే వేరొక ఖనిజం నిండిన నమూనాలను మారురూపాలు అనవచ్చును. విరిగిన స్ఫటికం మరల ద్రావణం అంది విరిగినచోటనే కొత్త ముఖాలు తొడుగుట కూడా కలదు. అటువంటి అతుకు సన్నని మబ్బు గీతవలె కనిపిస్తుంది. మారురూపాలు, అతుకులు చూపునకు సామాన్యంగా ఉండుటచే బజారులో వీటికి తక్కువ ధర పలుకుతుంది. విషయ సంపద మాత్రం వీటిలోనే అధికము.

క్రమమును నిర్ణయించు పద్ధతి

నమూనాను చేతికి తీసుకొన్నపుడు మొదట చూడవలసినది ఏది దేనిపై కూర్చున్నది అనే సంగతి. పైనున్నది తరువాతిది. ఒక స్ఫటికం మరొకదానిని చుట్టుకొని ఉంటే చుట్టుకొన్నది తరువాతిది. ఒకదాని ముఖాలు చక్కగా ఏర్పడి, ప్రక్కనున్నది దాని ఆకృతికి లోబడి వంకరగా ఉంటే, చక్కని ముఖాలు గలది సాధారణంగా ముందుది. ఒకే ఖనిజం రెండుమార్లు వచ్చినపుడు శాస్త్రవేత్తలు వాటిని మొదటి తరం కాల్సైటు, రెండవ తరం కాల్సైటు అని వ్యవహరిస్తారు.

ఈ నియమాలకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉన్నది. లోపల ఉన్నదంతా పాతది కాదు. వేడిగా ఉన్నపుడు ఒకే స్ఫటికంగా కలిసి ఉన్న పదార్థాలు చల్లబడే కొద్దీ విడిపోయి, ఆతిథ్య స్ఫటికం లోపల సన్నని పలకలుగానో సూదులుగానో ఏర్పడతాయి. ఇవి ఆతిథ్య స్ఫటికం కంటె తరువాత పుట్టినవి, అయినప్పటికీ లోపలనే ఉంటాయి. కరిగిన చోటును నింపిన ఖనిజం కూడా ఇటువంటిదే. కంటితో నిర్ణయించిన క్రమాన్ని పలచని రాతి తునకను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి సరిచూచుట ఇందువలననే అవసరమగుచున్నది. ఎలక్ట్రాన్ పుంజం తాకినపుడు స్ఫటికం వెలువరించే కాంతిని చిత్రించే పద్ధతి వచ్చిన తరువాత, మామూలు వెలుగులో ఒకే రంగుగా కనిపించే క్వార్ట్జ్, జిర్కాన్ స్ఫటికాలలో కూడా పదుల సంఖ్యలో పొరలు బయటపడినవి.

పొదిలి – చీమకుర్తి ప్రాంతము

పొదిలి ప్రాంతం 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరం ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టబడినది. ప్రత్తి, మిరప, పొగాకు పండే మైదానంగానే ఈ ప్రాంతం అందరికీ పరిచయము. భూవిజ్ఞానులకు ఇది వేరొక విధంగా పరిచయము. కడప శిలా పరీవాహానికి తూర్పు అంచున, నెల్లూరు షిస్టు శిలల పట్టీలోనికి వివిధ కాలాలలో చొచ్చుకొని వచ్చిన గ్రానైటు, గాబ్రో, సైనైటు దేహాలు ఇక్కడ వరుసగా ఉన్నవి. వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి గ్రానైట్లు వాటిలోనివి. ఏల్చూరు, ఉప్పలపాడు, పసుపుగల్లు, చీమకుర్తి మొదలగు చోట్ల ఉన్న గాబ్రో, సైనైటు దేహాల సముదాయాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం 1989లో ప్రకాశం క్షార శిలా ప్రాంతముగా వర్ణించెను. ఈ పేరు అంతర్జాతీయ పరిశోధనా పత్రాలలో స్థిరపడినది.

ఆల్ప్స్, బ్రెజిల్ ప్రాంతాలవలె ఇక్కడ అద్దంవంటి ఫాంటమ్ క్వార్ట్జ్ లభించునని ఆశించరాదు. స్ఫటికం తన ముఖాలను స్వేచ్ఛగా తొడగాలంటే ఖాళీ స్థలం కావాలి. చేలగట్ల మీద రైతులు కుప్పపోసే తెల్లని పలుగురాళ్ళు క్వార్ట్జ్ ఖనిజమే అయినను, లోతులలో ఇరుకు పగుళ్ళను పూర్తిగా నింపివేసిన క్వార్ట్జ్ గనుక వాటికి ముఖాలుండవు. అసంఖ్యాకమైన సూక్ష్మ ద్రవబిందువులు లోపల చిక్కుకొనుటచే అవి పాలవలె తెల్లగా ఉంటాయి. జాగ్రత్తగా చూచినచో కొన్నిటిలో పగులు అంచుకు సమాంతరంగా సన్నని చారలు కనిపిస్తాయి. పగులు కొద్దిగా తెరుచుకొనుట, నిండుట, మరల తెరుచుకొనుట అనే చర్య పలుమార్లు జరిగినచో ఇటువంటి చారలు ఏర్పడతాయి. ఇదియు బహుదశ వృద్ధియే. అందం లేదు గనుక ఎవరూ దాచుకొనరు.

చీమకుర్తి రాయి సంగతి వేరు. ఒంగోలు నుండి పొదిలి వెళ్ళు మార్గంలో ఉన్న చీమకుర్తి, రామతీర్థం పరిసరాల క్వారీలనుండి బ్లాక్ గెలాక్సీ పేరుతో ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యే నల్లరాయిని వ్యాపారులు గ్రానైటు అంటారు గాని, అది గ్రానైటు కాదు. గాబ్రో-నోరైటు వర్గానికి చెందిన శిల. గ్రానైటులో పుష్కలంగా ఉండే క్వార్ట్జ్ ఇందులో ముఖ్య ఖనిజం కాదు. ముదురు రంగు ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్లు ఇందులో ప్రధానమైనవి. నల్లని నేలపై నక్షత్రాలవలె మెరిసే బంగారు వన్నె చుక్కలు బ్రాంజైటు అని పూర్వం పిలువబడిన పైరాక్సీన్ స్ఫటికాలు. ఈ మెరుపు బంగారం వలన వచ్చినదని కొందరు, కాకిబంగారం వలన వచ్చినదని మరికొందరు అనుకొంటారు. రెండూ నిజం కావు.

ఈ రాతిలో కనీసం మూడు దశలను గుర్తించవచ్చును. చీమకుర్తి దేహం పొరలు పొరలుగా ఏర్పడిన శిలా సముదాయము. ఇటువంటి దేహాలలో శిలాద్రవం నెమ్మదిగా చల్లబడునపుడు మొదట కొన్ని స్ఫటికాలు ఏర్పడి ఒకచోట పోగుపడతాయి. ఇది మొదటి దశ. వాటి నడుమ మిగిలిన ద్రవం తరువాత గడ్డకట్టుచు కొంత కొత్త ఖనిజాలుగాను, కొంత పాత స్ఫటికాల చుట్టూ అదనపు పొరగాను చేరుతుంది. ఇది రెండవ దశ. పాత అంచు ఎక్కడ ముగిసి కొత్త పొర ఎక్కడ మొదలైనదో కంటికి తెలియదు, రసాయన విశ్లేషణలో తెలుస్తుంది. మూడవ దశలో రాయి అంతయు ఘనీభవించిన పిదప, ఇంకను వేడిగా ఉన్న పైరాక్సీన్ లోపలనుండి ఇనుము, టైటానియం ఆక్సైడులు అతి సన్నని పలకలుగా విడివడి ఒకే దిశలో అమరుతాయి. కంచువన్నె మెరుపు ఈ పలకలనుండి ప్రతిఫలించిన కాంతియే. లోపల ఉన్నదంతా పాతది కాదనుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు. ఈ రాతి పలకను వంటింటి గట్టుకు పరిచిన ఇండ్లలో దీపాన్ని అటు ఇటు కదిపి చూచినచో చుక్కలు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోవుట గమనించవచ్చును. పలకలు ఏ దిశలో అమరినవో ఆ దిశకే వెలుగు తిరిగి వస్తుంది.

గ్రానైట్లలో మిక్కిలి చిన్నదైన జిర్కాన్ అనే ఖనిజం బహుదశ వృద్ధికి పెట్టినది పేరు. సామాన్యంగా ఇసుక రేణువు కంటె పెద్దది కాని ఈ స్ఫటికం కరగుటకు లొంగదు. పాత శిలలోని జిర్కాన్ కొత్త శిలాద్రవంలో పడినప్పటికీ మిగిలి, దాని చుట్టూ కొత్త పొర తొడుగుకొనవచ్చును. అందులోని యురేనియం సీసముగా మారు వేగాన్ని బట్టి ఒక్కొక్క పొర వయస్సును వేరుగా లెక్కించవచ్చును. ఈ పద్ధతిలో వినుకొండ గ్రానైటు వయస్సు సుమారు 159 కోట్ల సంవత్సరాలనియు, ఏల్చూరు, ఉప్పలపాడు సైనైట్ల వయస్సు 130 కోట్ల సంవత్సరాలకు కొంచెం పైననియు 2006లో ప్రచురించబడిన పరిశోధనలు తెలిపినవి. ప్రక్కప్రక్కన కనిపించు ఈ గుట్టలు ఒకే కాలంలో పుట్టినవి కావని దీనివలన తెలియుచున్నది.

నెల్లూరు అభ్రకపు పట్టీ

పొదిలికి దక్షిణాన, గూడూరు నుండి సంగం వైపు కొడవలి ఆకారంలో సాగిన అభ్రకపు పట్టీ ఇదే షిస్టు శిలల భాగము. ఇక్కడి పెగ్మటైటు శిలలలో స్ఫటికాలు గోడనుండి మధ్యకు దశలవారీగా ఏర్పడినవి. అంచున సన్నని రేణువులు, లోపల పెద్ద ఫెల్డ్‌స్పార్, అభ్రకపు పొత్తాలు, నడిమధ్య క్వార్ట్జ్ ఉండుట ఇటువంటి శిలలలో సామాన్య క్రమము. ఒక్కొక్క స్ఫటికంలో కాక, మొత్తం శిలాదేహంలోనే దశలు కనబడుట దీని ప్రత్యేకత. నెల్లూరు ఆకుపచ్చ అభ్రకం ఒకప్పుడు విదేశీ విపణిలో పేరుపొందినది.

గరీబ్‌పేట గార్నెట్లు

తెలంగాణలో కొత్తగూడెం సమీపాన గల గరీబ్‌పేట వద్ద కొండపైని శిలలలోను, చుట్టుప్రక్కల మట్టిలోను ఎర్రని ఆల్మాండైన్ గార్నెట్లు లభిస్తాయి. రూపాంతర శిలలలో గార్నెట్ ద్రవంలో గాక, ఘన శిల మధ్యనే చుట్టూ ఉన్న ఖనిజాలను హరించుచు పెరుగుతుంది. ఉష్ణోగ్రత, ఒత్తిడి మారినపుడు అది చేర్చుకొను మూలకాల పాళ్ళు కూడా మారతాయి. కేంద్రంనుండి అంచువరకు ఈ మార్పును కొలిచినచో ఆ శిల ఎంత లోతుకు దిగి, ఎంత వేడెక్కి పైకి వచ్చినదో అంచనా వేయవచ్చును. పెరుగుచున్నపుడు ప్రక్కనున్న సిల్లిమనైటు వంటి సూదులను కూడా గార్నెట్ తనలో పొదుగుకొంటుంది. ఏ వలయంలో ఏ సూదులు ఎంత దట్టంగా ఉన్నవి అన్నది ఒక్కొక్క నిక్షేపానికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది.

ఈ తేడా ఒక చారిత్రక ప్రశ్నకు ఆధారమైనది. రోము, బైజాంటైన్ సామ్రాజ్యాలలో ఆభరణాలకు వాడిన గార్నెట్లు ఎక్కడివని ఐరోపా పండితులు చాలకాలంగా విచారించుచుండిరి. భారతదేశపు తూర్పుతీరం పేరు వినబడుచున్నను, ఫలానా ఊరు అని చెప్పగల ఆధారం ఉండేది కాదు. 2018లో జెమ్స్ అండ్ జెమాలజీ పత్రికలో వెలువడిన పరిశోధన తొలి బైజాంటైన్ కాలపు చెక్కుడు ఆల్మాండైన్ ఒకదానిని పరీక్షించి, దానిలోని పొదుగుడు ఖనిజాలు, మూలకాల వలయాలు గరీబ్‌పేట రాళ్ళతో సరిపోలుచున్నవని తేల్చెను. పుదుచ్చేరి సమీపాన గల ప్రాచీన ఓడరేవు అరికమేడు ద్వారా ఈ వర్తకం జరిగియుండునని పరిశోధకుల భావన. అరికమేడులో గార్నెట్ పూసలు విరివిగా లభించుట దీనికి అనుకూలము. రాతిని సానబట్టి, చెక్కి, సముద్రాలు దాటించిన పిదప కూడా దాని పుట్టినచోటును పట్టియిచ్చినవి ఈ వృద్ధి వలయాలే.

దక్కను లావా శిలల కుహరాలు

సేకర్తలు మెచ్చు బహుదశ నమూనాలకు భారతదేశంలో ముఖ్య స్థానం దక్కను లావా శిలలు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొంగిన ఈ లావా ప్రధానంగా మహారాష్ట్రలో విస్తరించి, తెలంగాణలో వికారాబాదు, సంగారెడ్డి, ఆదిలాబాదు ప్రాంతాలవరకు వచ్చినది. లావాలోని వాయుబుడగలు మిగిల్చిన కుహరాలలోనికి తరువాత నీరు చేరి ఖనిజాలను నింపెను. గోడకు ఆనుకొని ఆకుపచ్చని బంకమట్టి పొర, దానిపై చాల్సిడోనీ లేక క్వార్ట్జ్, ఆపైన స్టిల్బైటు, హ్యూలండైటు వంటి జియోలైట్లు, చివరకు అపోఫిలైటు, కాల్సైటు ఉండుట తరచుగా కనిపించు క్రమము. అయితే అన్ని కుహరాలలోను ఇదే వరుస ఉండదు. పూణే సమీపాన వాఘోలి క్వారీలలో లభించు గాఢ నీలవర్ణపు కావన్సైటు గుత్తులు తెల్లని స్టిల్బైటుపై కూర్చొని ఉంటాయి.

1850, 1860 దశకాలలో బొంబాయి నుండి పూణేకు భోర్ ఘాట్ మీదుగా రైలుమార్గం తవ్వినపుడు ఈ ఖనిజాలు పెద్ద ఎత్తున బయటపడి ఐరోపా ప్రదర్శనశాలలకు చేరినవి. నేడు జల్‌గాఁవ్, నాసిక్, పూణే పరిసరాల కంకర క్వారీలు ముఖ్య ఆధారము. కంకరకోసం పేల్చిన రాతిలో కుహరం బయటపడినపుడు కూలీలు దానిని విడదీసి వ్యాపారికి అమ్ముతారు. నాసిక్ జిల్లా సిన్నర్‌లోని గార్గోటి ఖనిజ ప్రదర్శనశాలలో ఇట్టి నమూనాలను చూడవచ్చును.

లావా చల్లారిన కొద్దికాలానికే కుహరాలన్నీ నిండిపోయి ఉంటాయని సులభంగా ఊహిస్తాము. 2019లో మినరల్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ ఊహను సవరించినది. కొన్ని అపోఫిలైటు స్ఫటికాల వయస్సు నాలుగున్నర కోట్ల సంవత్సరాలకు అటు ఇటుగాను, మరికొన్నిటి వయస్సు సుమారు 2.2 కోట్ల సంవత్సరాలుగాను తేలినది. అనగా అరచేతిలో ఇమిడే ఒక నమూనాలో అడుగుపొరకు, పైపొరకు నడుమ కోట్ల సంవత్సరాల ఎడం ఉండవచ్చునన్నమాట.

శుభ్రపరచుట వలన నష్టము

నమూనాలకు జరుగు హాని ఎక్కువభాగం త్రవ్వకంలో కాక, తరువాత శుభ్రపరచునపుడు జరుగుతుంది. ఇనుప మరకలను తొలగించుటకు ఆక్జాలిక్ ఆమ్లము, కాల్సైటును తొలగించుటకు హైడ్రోక్లోరిక్ ఆమ్లము వాడుక. కాల్సైటు మరక కాదు, తరచుగా అదియే చివరి దశ. దానిని కరిగించి క్రింది మెరిసే స్ఫటికాలను బయటపెట్టినచో నమూనా అందగించును గాని, చివరి అధ్యాయం చింపివేసినట్లే. పైగా జియోలైట్లలో పెక్కు ఆమ్లానికి తట్టుకొనలేవు. ముఖాలు మసకబారి, ఆ మసక ప్రకృతిలో జరిగిన కరుగుదలవలె భ్రమ కలిగిస్తుంది. పొడి కుంచె, మంచినీరు సరిపోయినచోట ఆమ్లం వాడకుండుట మేలు. ఆమ్లం వాడినచో ఆ సంగతిని చీటీలో వ్రాసి ఉంచవలెను.

చీటీ విషయంలో అశ్రద్ధ ఇంకను ఎక్కువ. ఊరు, క్వారీ, ఏ లోతున లభించినది, ఏ నాడు లభించినది అన్న వివరాలు లేని నమూనా అలంకార వస్తువు మాత్రమే. గరీబ్‌పేట రాళ్ళు ఫలానా కొండవని తెలిసి ఉండుట వలననే బైజాంటైన్ రాతిని వాటితో పోల్చుట సాధ్యపడినదని గుర్తుంచుకొనవలెను. వ్యాపారులు తమ ఆధారాన్ని దాచుటకు తప్పు ఊరు చెప్పుట ఈ రంగంలో పాత అలవాటు.

నకిలీలు కూడా కలవు. తెల్లని ఒకెనైటు దూదిగుండ్లకు నీలి, గులాబీ రంగులద్దుట, విడి స్ఫటికాన్ని వేరొక రాతిపై జిగురుతో అతికించి రెండు దశల నమూనాగా అమ్ముట తరచుగా జరుగుచున్నవి. సహజ నమూనాలో క్రింది స్ఫటికం, పై స్ఫటికం ఒకదానిలోనికి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. అతికించినచోట అంచు వెంట సన్నని ఖాళీగాని, జిగురు మెరుపుగాని భూతద్దంలో కనిపిస్తుంది. పరిశ్రమలకై కర్మాగారాలలో పెంచు క్వార్ట్జ్ మధ్యలో విత్తుగా పెట్టిన పలక కనబడుటను ఫాంటమ్ అని పొరబడరాదు. అది నిటారైన పలకవలె ఉండును గాని, కొనదేరిన స్ఫటికపు ఆకృతిలో ఉండదు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

బహుదశ వృద్ధిని చూచుటకు క్వారీలకు పోనక్కరలేదు, అనుమతి లేక పోరాదు కూడా. బజారులో దొరికే మామూలు పటిక, ప్రయోగశాలలో ఉండే క్రోమ్ పటిక చాలును. ఈ రెంటి స్ఫటిక నిర్మాణం ఒకటే గనుక ఒకదానిపై మరొకటి పెరగగలదు. ముందుగా క్రోమ్ పటిక ద్రావణంలో ముదురు ఊదారంగు అష్టముఖి స్ఫటికాన్ని ఒకదానిని పెంచుకొని, దారంతో కట్టి ఆరబెట్టవలెను. వేరొక గాజుపాత్రలో మామూలు పటికను వేడినీటిలో కరిగించి, పూర్తిగా చల్లారిన పిదప అడుగున పటిక రేణువులు మిగిలేటంత చిక్కని ద్రావణం తయారుచేయవలెను. దానిని వడగట్టి, ఊదా స్ఫటికాన్ని అందులో వ్రేలాడదీసి, పైన కాగితం కప్పి కదపకుండా ఉంచవలెను. కొన్ని వారాలలో ఊదా అష్టముఖి చుట్టూ అదే ఆకృతిలో రంగులేని పారదర్శక పొర ఏర్పడుతుంది.

ద్రావణం తగినంత చిక్కగా లేనిచో ఊదా స్ఫటికపు మూలలు ముందుగా కరిగి గుండ్రబడతాయి. ప్రయోగం చెడినదని విద్యార్థులు దానిని పారవేయుట కద్దు. పారవేయక, ద్రావణాన్ని చిక్కబరచి మరల వ్రేలాడదీసినచో గుండ్రని ఊదా గర్భం చుట్టూ పదునైన మూలలు గల తెల్లని స్ఫటికం వస్తుంది. పెరుగుట, కరగుట, మరల పెరుగుట అనే మూడు దశలు అందులో నిలిచి ఉంటాయి. క్రోమ్ పటికను చేతితో తాకిన పిదప చేతులు కడుగుకొనవలెను, నోటికి తగలనీయరాదు. మే నెల ఎండలలో పగటి వేడికి ద్రావణం పలచబడి స్ఫటికం కరుగుచుండుట వలన, కోస్తా మైదానాలలో ఈ ప్రయోగానికి కార్తీకం నుండి మాఘం వరకు గల చలి దినాలు అనుకూలము.